ఆరుగురి మెదళ్లు ఎంతవరకు చెప్పాయి?

పుట్టినప్పుడు ఆడో మగో అని రాసిన మాటకీ, లోపల తానెవరన్న ఎరుకకీ పొంతన కుదరక పడే వేదనను డాక్టర్లు జెండర్ డిస్ఫోరియా అంటారు. ట్రాన్స్‌జెండర్లు అందరికీ ఈ వేదన ఉండాలని లేదు.

దీని మూలం మెదడులో ఉందేమోనని గట్టిగా వెతికింది నెదర్లాండ్స్‌కు చెందిన మెదడు శాస్త్రవేత్త డిక్ స్వాబ్ బృందం. చనిపోయిన ఆరుగురు ట్రాన్స్ మహిళల (పుట్టినప్పుడు మగ అని రాసినా, తాము ఆడవాళ్లమన్న ఎరుక ఉన్నవాళ్ల) మెదళ్లలో బీఎస్‌టీసీ అనే భాగాన్ని కొలిచి 1995లో ఫలితాలు ప్రకటించారు. అది హార్మోన్లను అదుపు చేసే హైపోథాలమస్‌ పక్కన ఉంటుంది, నువ్వుగింజంత కూడా ఉండదేమో. మగవాళ్లలో అది ఆడవాళ్లకంటే 44 శాతం పెద్దగా ఉంది. ఆ ఆరుగురిలో మాత్రం ఆడవాళ్ల సైజులోనే ఉంది.

వినగానే లెక్క తేలిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఆరుగురూ ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ వాడినవాళ్లే. వేరే జబ్బులతో హార్మోన్లు మారినవాళ్లతో పోల్చి, ఇది మందుల ప్రభావం కాదని స్వాబ్ బృందం వాదించింది. అసలు చిక్కు 2002లో అదే బృందం చేతుల్లోంచే వచ్చింది. ఈ సైజు తేడా పెద్దయ్యాకగానీ కనిపించదట! చాలామంది ట్రాన్స్‌జెండర్లు తమ సంగతి చిన్నప్పుడే తెలిసిందంటారు. మరి ఆ సైజు కారణమా, ఫలితమా?

స్వాబ్ చెప్పే ఇంకో మాట నాకు ఎక్కువ నచ్చుతుంది. గర్భంలో జననాంగాలు మొదటి నెలల్లోనే రూపుదిద్దుకుంటాయి, మెదడుపై హార్మోన్ల ముద్ర ఆ తర్వాత పడుతుంది. కాబట్టి రెండూ చెరో దారి పట్టే వీలుంది. అలాగని హార్మోనే సర్వస్వం కాదు. పుట్టుకతో వచ్చే ఒక అడ్రినల్ గ్రంథి జబ్బు వల్ల గర్భంలోనే మగ హార్మోన్లు ఎక్కువగా తగిలి, ఆడపిల్లలుగా పెరిగిన 250 మంది వివరాలను 2005లో పరిశీలించారు. తామెవరన్న విషయంలో తీవ్ర సమస్య ఎదురైంది 13 మందికే.

జన్యువుల వాటా కూడా ఉన్నట్టుంది. 2012 నాటి ఒక సమీక్షలో కనీసం ఒకరికి డిస్ఫోరియా ఉన్న 23 జతల ఒకేలాంటి కవలల్లో 9 జతల్లో ఇద్దరికీ డిస్ఫోరియా ఉంది. ఒకేలా ఉండని మామూలు కవలల్లో ఒకే లింగానికి చెందిన 21 జతల్లో ఒక్క జతలోనూ అలా లేదు. అయితే ఒకేలాంటి కవలల్లో మిగతా 14 జతల మాటేమిటి? జన్యువులు ఒకటే, అనుభవం వేరు.

ఇక మనసు సంగతి. తల్లి పెంపకమే కారణమన్న పాత వాదాలు నిలబడలేదు. ఆటిజం ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తోంది, ఎందుకో తేలలేదు. యుక్తవయసులో ఒంట్లో వచ్చే మార్పులు, ఇంట్లో ఛీత్కారం, స్కూల్లో వెక్కిరింపులు కలిసి టెన్షన్‌నీ డిప్రెషన్‌నీ పెంచుతాయి. మూలకారణం వేరు, బాధ ముదరడానికి కారణం వేరు. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గొడవ.

దీన్ని తేల్చే రక్తపరీక్షగానీ స్కాన్‌గానీ ఇప్పటికీ లేవు. డాక్టరు కూర్చోబెట్టి అడుగుతారు: ఎప్పటినుంచి, ఎంత బాధగా ఉంది, కనీసం 6 నెలలుగా ఇలాగే ఉందా అని.