పీల్చిన ఆక్సిజన్ ఎటు పోతోంది? కణశ్వాసక్రియపై అపోహలు – వాస్తవాలు

అపోహ: మనం పీల్చిన ఆక్సిజనే కార్బన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి వస్తుంది.

వాస్తవం: మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలు కూడా ఎక్కువగా పొరబడేది ఇక్కడే. గ్లూకోజ్ ముందు కణద్రవ్యంలో రెండు పైరువేట్ అణువులుగా విడిపోతుంది. ఈ దశకు ఆక్సిజన్‌తో పనే లేదు. పైరువేట్ మైటోకాండ్రియాలోకి వెళ్లి ఎసిటైల్ కో-ఎ గా మారేటప్పుడు ఒక కార్బన్ డయాక్సైడ్ పోతుంది, ఎసిటైల్ కో-ఎ ను విడగొట్టే చర్యల చక్రమైన క్రెబ్స్ వలయంలో మరో రెండు పోతాయి. రెండు పైరువేట్లకు కలిపి ఆరు. వీటిలోని ఆక్సిజన్ గ్లూకోజ్‌లోంచి, మధ్యలో చర్యల్లో చేరిన నీటిలోంచి వచ్చింది. మనం పీల్చిన ఆక్సిజన్ ఇంతవరకూ రంగంలోకే దిగలేదు.

అది కనిపించేది చిట్టచివర. గ్లూకోజ్ నుంచి ఎన్ఏడీహెచ్, ఎఫ్ఏడీహెచ్2 అనే వాహక అణువులు మోసుకొచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలో గొలుసులా ఒక ప్రోటీన్ నుంచి మరో ప్రోటీన్‌కు చేతులు మారుతూ వస్తాయి. ఆఖరున వాటిని అందుకుని, ప్రోటాన్లతో కలిసి నీరుగా మారేది ఆక్సిజన్. అందుకే గ్లూకోజ్ శ్వాసక్రియ సమీకరణాన్ని పూర్తిగా రాస్తే ఎడమవైపు ఆరు నీటి అణువులు, కుడివైపు పన్నెండు ఉంటాయి. రెండువైపులా ఆరేసి కొట్టేసి రాయడం వల్లే ఈ సంగతి మరుగున పడిపోతోంది. బోర్డు మీద ఒక్కసారైనా కొట్టేయకుండా రాసి చూపించడం మంచిది.

సైనైడ్ ఎందుకంత ప్రమాదకరమో దీన్నిబట్టే అర్థమవుతుంది. అది గొలుసు చివర ఉన్న సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును పట్టుకుని కూర్చుంటుంది. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు. ఎలక్ట్రాన్లు దిగే చోటు లేక గొలుసంతా నిలిచిపోతుంది. ఎలక్ట్రాన్లు దించేసి ఖాళీ అయిన ఎన్ఏడీ తిరిగి అందక క్రెబ్స్ వలయమూ ఆగుతుంది. క్రెబ్స్ వలయంలో ఆక్సిజన్ నేరుగా వాడకపోయినా, ఆక్సిజన్ లేకపోతే అది ఎందుకు నడవదనే ప్రశ్నకు జవాబు కూడా ఇదే.

అపోహ: ఒక గ్లూకోజ్‌కు కచ్చితంగా 38 ఏటీపీలు (కణం పనులకు శక్తినిచ్చే అణువులు) వస్తాయి.

వాస్తవం: ఒక ఎన్ఏడీహెచ్‌కు మూడు, ఒక ఎఫ్ఏడీహెచ్2కు రెండు అని పూర్ణ సంఖ్యలు వేసుకున్న పాత లెక్క అది. ఇప్పటి కొలతల ప్రకారం ఒక ఎన్ఏడీహెచ్ వల్ల పది ప్రోటాన్లు పొర దాటుతాయి. ఒక ఏటీపీని తయారుచేసి బయటికి పంపడానికి సుమారు నాలుగు ప్రోటాన్లు ఖర్చు. అంటే ఒక ఎన్ఏడీహెచ్‌కు రెండున్నర ఏటీపీలు. ఎఫ్ఏడీహెచ్2కు ఒకటిన్నర. మొత్తం కూడితే: గ్లైకాలసిస్‌లో (గ్లూకోజ్ పైరువేట్‌గా విడిపోయే దశలో) 2, క్రెబ్స్ వలయంలో 2, పది ఎన్ఏడీహెచ్‌లకు 25, రెండు ఎఫ్ఏడీహెచ్2లకు 3, వెరసి 32. కణద్రవ్యంలో తయారైన ఎన్ఏడీహెచ్ ఎలక్ట్రాన్లు ఏ దారిన మైటోకాండ్రియా చేరాయన్నదాన్నిబట్టి ఇది 30కి కూడా తగ్గుతుంది. పరీక్షలో మీ పాఠ్యపుస్తకంలో ఉన్న అంకెనే రాయండి, కానీ అది ఎలా వచ్చిందో తెలుసుకుని రాయండి.

అపోహ: శరీరం శక్తిని ఏటీపీ రూపంలో నిల్వ చేసుకుంటుంది.

వాస్తవం: నిల్వ ఉండేది గ్లైకోజెన్‌గా, కొవ్వుగా. కండరంలో ఉన్న ఏటీపీ తీవ్రమైన పనిలో రెండు మూడు సెకన్లకే చాలుతుంది. ఆ తర్వాత కొన్ని సెకన్ల పాటు ఆదుకునేది ఫాస్ఫోక్రియాటిన్. ఈ రెంటినీ కండరంలో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని ఆయన వెలుగులోకి తెచ్చారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. ఫాస్ఫరస్‌ను రంగునుబట్టి కొలవడానికి ఫిస్కే, సుబ్బారావు 1925లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ వాళ్లిద్దరి పేరుమీదే ఉంది. శ్వాసక్రియ పాఠం చెప్పేటప్పుడు తెలుగు పిల్లలకు ఈ పేరు తప్పకుండా చెప్పాలి.

అపోహ: మొలకెత్తే గింజల శ్వాసక్రియలో వేడి పుడుతుందని చూపే ప్రయోగంలో, పోల్చడానికి పెట్టిన ఉడికించిన గింజల ఫ్లాస్క్ కూడా వేడెక్కిందంటే ప్రయోగమే తప్పు.

వాస్తవం: ప్రయోగం సరైనదే, తయారీలో లోపం ఉంది. ఉడికించిన గింజల్లో ఎంజైములు చెడిపోయి శ్వాసక్రియ ఆగిపోతుంది. కానీ తడి గింజ మీద బ్యాక్టీరియా, బూజు ఒకటి రెండు రోజుల్లో పెరుగుతాయి. వాటి శ్వాసక్రియ వల్ల పుట్టిన వేడినే థర్మామీటర్ చూపిస్తుంది.

పెసలో శనగలో పన్నెండు గంటలు నానబెట్టి, గుడ్డలో కట్టి మొలక తెల్లగా కనపడేదాకా ఉంచండి. అందులో సగం ఉడికించి, గది ఉష్ణోగ్రతకు పూర్తిగా చల్లారనివ్వండి. రెండు భాగాలనూ 1 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో పది నిమిషాలు ఉంచి, కాచి చల్లార్చిన నీళ్లతో మూడు నాలుగుసార్లు కడగండి. రెండు థర్మాస్ ఫ్లాస్కుల్లో ముప్పాతిక వంతు నింపి, థర్మామీటర్ బుడ్డి గింజల మధ్యకు వచ్చేలా పెట్టి, మూతిని దూదితో మూయండి. రబ్బరు బిరడా పెట్టొద్దు. దూది గుండా గాలి ఆడుతుంది. ఫ్లాస్కును తలకిందులుగా స్టాండుకు బిగిస్తే బరువైన కార్బన్ డయాక్సైడ్ కిందికి జారిపోతుంది. బిరడా గట్టిగా బిగిస్తే లోపలి ఆక్సిజన్ అయిపోయి గింజలు కిణ్వనానికి (ఆక్సిజన్ లేకుండా గ్లూకోజ్‌ను విడగొట్టడానికి) దిగుతాయి. ఆల్కహాల్ వాసన వస్తుంది, వేడి మాత్రం పెద్దగా పెరగదు, ఎందుకంటే గ్లూకోజ్‌లోని శక్తిలో ఎక్కువ భాగం ఆ ఆల్కహాల్‌లోనే మిగిలిపోతుంది.

అపోహ: కోసిన వడ్లకు ప్రాణం ఉండదు, రాశి వేడెక్కేది ఎండకే.

వాస్తవం: వడ్లగింజ బతికే ఉంటుంది. తేమ ఉన్నంతకాలం గట్టిగానే శ్వాసిస్తుంది, దానికి తోడు బూజు. హార్వెస్టర్‌తో కోసిన ధాన్యంలో తేమ తరచూ 20 శాతం పైనే ఉంటుంది. కిలో గ్లూకోజ్ పూర్తిగా ఖర్చయితే దాదాపు 16 వేల కిలోజౌళ్ల శక్తి, కిలోన్నరకు దగ్గరగా కార్బన్ డయాక్సైడ్, 600 గ్రాముల నీరు వస్తాయి. ఆ నీరు తేమను, ఆ శక్తి వేడిని పెంచుతాయి. రెండూ కలిసి శ్వాసక్రియను ఇంకా పెంచుతాయి. రాత్రి పోసిన రాశిలోకి తెల్లారి మోచేతి దాకా చెయ్యి పెడితే తెలిసే వెచ్చదనం ఇదే. అలాగే వదిలేస్తే బియ్యం పసుపెక్కుతుంది, విత్తనమైతే మొలకశాతం పడిపోతుంది, బరువూ తగ్గుతుంది.

పలచగా ఆరబోసి తరచూ తిరగెయ్యాలి. వానకు పరదా కప్పక తప్పదు, కానీ వాన వెలిసిన వెంటనే తీసేయాలి. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం లోపు ఉంటే చాలు, నిల్వకు మాత్రం 14 దాటకూడదు. మామూలు సంచుల్లో ఉంచే వరి విత్తనానికైతే 13 లోపే ఉండాలి.

అపోహ: మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి.

వాస్తవం: శ్వాసక్రియ రాత్రింబవళ్లు నడుస్తుంది. పగలు ఆకులో కిరణజన్య సంయోగక్రియ దాన్ని మించిపోతుంది, అంతే. వేరుకైతే ఆ అవకాశం లేదు, మట్టిలోని గాలే దిక్కు. నీళ్లు నిలిచిన చేలో పత్తి, మిరప వాడిపోయేది ఇందుకే: వేళ్లకు ఆక్సిజన్ అందక, ఏటీపీ తయారుకాక, నీళ్లూ పోషకాలూ సరిగా పీల్చుకోలేవు. వరికి కాండంలోంచి వేళ్లదాకా గాలి గదులు ఉంటాయి కాబట్టి తట్టుకుంటుంది.

అపోహ: వ్యాయామం చేసిన మర్నాటి ఒళ్లునొప్పులు లాక్టిక్ ఆమ్లం వల్లే.

వాస్తవం: వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో లాక్టేట్ (లాక్టిక్ ఆమ్లం శరీరంలో ఉండే రూపం) మామూలు స్థాయికి వచ్చేస్తుంది. గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం తిరిగి గ్లూకోజ్‌గా మారుస్తుంది. మర్నాటి నొప్పికి కారణం కండర తంతువుల్లో పడిన సూక్ష్మమైన చీలికలు, వాటి చుట్టూ వచ్చే వాపు.

అపోహ: కిణ్వనం, అవాయు శ్వాసక్రియ ఒకటే.

వాస్తవం: స్కూలు స్థాయిలో రెంటినీ కలిపి చెప్పడం పరిపాటి. డిగ్రీకి వచ్చాక విడదీయాల్సిందే. కిణ్వనంలో ఎలక్ట్రాన్ రవాణా గొలుసు ఉండదు. గ్లూకోజ్‌కు రెండు ఏటీపీలే. అవాయు శ్వాసక్రియలో గొలుసు ఉంటుంది, చివర ఆక్సిజన్ బదులు నైట్రేటో సల్ఫేటో ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. నీళ్లు నిలిచిన వరి మడిలో బ్యాక్టీరియా చేసేది ఇదే. నైట్రేట్ చివరికి నత్రజని వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. అందుకే నీళ్లున్న మడిలో నైట్రేట్ రూపంలో వేసిన ఎరువు వృథా. అమ్మోనియం రూపంలోనో యూరియాగానో వేసి, బురదలో కలిసేలా చూస్తే నత్రజని పైరుకు దక్కుతుంది.