శ్లాబు పెచ్చులు, బాత్రూం చెమ్మ: పాత ఫ్లాట్ కొనేవారి అపోహలు

పాతికేళ్ల నాటి ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినవాళ్లకి హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా వినిపించే మాట ఒకటుంది. "కాస్త చెమ్మ ఉందండీ, పుట్టీ పెట్టి రెండు కోట్లు రంగేస్తే కొత్తిల్లే." అమ్మేవాళ్లు అంటారు, మధ్యవర్తి అంటాడు, ఒక్కోసారి మనం వెంట తీసుకెళ్లిన మేస్త్రీ కూడా అంటాడు. మొదటి ఇల్లు కొనేవాళ్లని ఇంతగా ముంచే మాట ఇంకోటి లేదు. అందుకే ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: చెమ్మ, పెచ్చులు రంగులవాళ్ల పని.

వాస్తవం: శ్లాబు అడుగున ప్లాస్టరింగ్ ఒక్కటే వదిలితే పెద్ద ఇబ్బంది లేదు. కాంక్రీటు పెచ్చు ఊడిందంటే మాత్రం లోపల రాడ్డు తుప్పు పట్టిందన్నమాట. మంచి కాంక్రీటు పీహెచ్ 12 పైన ఉంటుంది. ఆ క్షారగుణం ఉన్నన్నాళ్లూ రాడ్డు మీద పలుచని రక్షణ పొర నిలుస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి దిగుతూ పీహెచ్‌ని 9 కిందికి లాగేస్తుంది. పొర పోతుంది. ఆపైన పై ఫ్లాట్ బాత్రూం నుంచి నీళ్లు దిగుతుంటే తుప్పుకి ఇంకేం కావాలి! తుప్పు పట్టిన ఇనుము రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి రాడ్డు కింద కప్పి ఉన్న కాంక్రీటు పొర, అంటే కవర్, పగిలి రాలిపోతుంది. శ్లాబు రాడ్లకి కనీసం 20 మి.మీ. కవర్ ఉండాలి. రాడ్డుని ఎత్తి ఉంచే కవర్ బ్లాకులు పెట్టకుండా పోసిన శ్లాబుల్లో రాడ్డు కింది సెంట్రింగ్ (పోతపోసే అచ్చు) రేకుకి ఆనుకునే ఉండిపోతుంది, అక్కడే ముందు ఊడుతుంది. విశాఖ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది.

దీనిమీద పుట్టీ పెడితే ఏమవుతుంది? తుప్పు లోపల పెరుగుతూనే ఉంటుంది. ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి ఈసారి ఇంకాస్త పెద్ద పెచ్చు కింద పడుతుంది. ఈలోగా రాడ్డు సన్నబడుతుంది. 8 మి.మీ. రాడ్డు 7 మి.మీ.కి వచ్చిందంటే చూపుకి తేడా తెలియదు, కానీ కోత వైశాల్యంలో దాదాపు నాలుగో వంతు పోయినట్టే.

చూసే పద్ధతి చెబుతాను. వాన పడ్డ మర్నాడు వెళ్లండి. బాత్రూం, వంటగది, వాటి పక్క గదుల పైకప్పు మీద టార్చి ఏటవాలుగా వేయండి. రంగు కింద ఉబ్బు ఉంటే నీడ పడుతుంది. ఆరేడు అంగుళాల ఎడంతో తిన్నగా సాగే గోధుమరంగు చారలు కనిపిస్తే అవి రాడ్ల వరసలే. చీపురు కర్రతో తట్టండి. గట్టి శ్లాబు ఠంగుమంటుంది, వదిలిన చోట డొల్ల శబ్దం వస్తుంది. ఇల్లంతా పాత రంగే ఉండి ఒక్క గది పైకప్పుకే కొత్త రంగుంటే అక్కడ ఇంకొంచెంసేపు నిలబడండి. బాత్రూంలో ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక పలక తీసి చూపించమనండి. "మరీ అనుమానం మనిషండీ మీరు" అంటారు. అననివ్వండి.

ఒకటి రెండు చోట్ల కన్నా ఎక్కువ కనిపిస్తే స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవాలి. ఆయన కాంక్రీటు కొంచెం చెక్కి ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లుతారు. గులాబీరంగుకి తిరిగితే క్షారం ఉన్నట్టు. రాడ్డు లోతు దాకా రంగు రాకపోతే రక్షణ పోయినట్టు.

ఇక రిపేరు. మొదట నీళ్లు వచ్చే దారి మూయాలి, ఆ తర్వాతే శ్లాబు పని. వరస తిరగబడితే పెట్టిన డబ్బంతా వృథా. నీళ్లు సాధారణంగా పై బాత్రూం సంకెన్‌లో, అంటే పైపుల కోసం శ్లాబుని కిందికి దించి పోసిన గుంటలో, నిలుస్తాయి. నహానీ ట్రాప్ (నేలమీద నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) అతుకు దగ్గర కారి, లోపల నింపిన ఇటుక ముక్కల్లో చేరి, నెమ్మదిగా కిందికి దిగుతాయి. టైల్స్ సందుల్లో గ్రౌట్ నింపితే కొన్నాళ్లు ఆగినట్టే ఉంటుంది, అంతే. టైల్స్, లోపలి నింపుడు అంతా తీసి, గోడ, నేల కలిసే మూలల్లో మాలుతో గుండ్రంగా గోలా కట్టి, వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి వేయాలి. గోడకి అడుగు ఎత్తు, షవర్ దగ్గర ఆరడుగుల దాకా ఎక్కించాలి. తర్వాత ట్రాప్ మూసి, నీళ్లు నింపి, గోడమీద పెన్సిల్‌తో మట్టం గీసి 48 గంటలు ఉంచాలి. కింద శ్లాబు పొడిగా ఉంటేనే టైల్స్ వేయనివ్వండి. "టైం లేదు సార్, నేను గ్యారంటీ" అని ఈ పరీక్ష దాటవేసే మేస్త్రీకి ఆ పని ఇవ్వకండి.

కింద శ్లాబుకి: డొల్లగా ఉన్నదంతా చెక్కేయాలి. రాడ్డు వెనక కూడా వేలు దూరేంత ఖాళీ చేయాలి, లేకపోతే వెనకవైపు తుప్పు అలాగే ఉండిపోతుంది. వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, జింక్ ప్రైమర్ కొట్టి, పాత కాంక్రీటుకి కొత్త మాలు అతుక్కునేలా బాండింగ్ కోటు వేసి, అది ఆరకముందే పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు మాలు) పొరలు పొరలుగా పెట్టాలి. రాడ్డు బాగా తిని ఉంటే పక్కన కొత్త రాడ్డు కలపాలా వద్దా అన్నది ఇంజినీరు చెప్పాలి. బీము, కాలమ్ చెక్కేటప్పుడు కింద జాకీలు (తాత్కాలిక ఆసరాలు) పెట్టకుండా సుత్తి ముట్టుకోనివ్వకండి.

చాలామంది అడ్వాన్స్ ఇచ్చేశాక గానీ గుర్తించని చిక్కు ఒకటుంది. మీ పైకప్పుకి చెమ్మ, కానీ బాత్రూం పైవాళ్లది. వాళ్లు ఒప్పుకోకపోతే మీరెంత ఖర్చుపెట్టినా ప్రయోజనం లేదు. అందుకే అడ్వాన్స్‌కి ముందే పై ఫ్లాట్ వాళ్లతో, అసోసియేషన్ సెక్రటరీతో ఒకసారి కూర్చోండి. ఆ బాత్రూం రిపేరు ఎవరు, ఎప్పటిలోగా, ఎవరి ఖర్చుతో చేయిస్తారో సేల్ అగ్రిమెంట్‌లో రాయించుకోండి. చివరి అంతస్తయితే నీళ్లు టెర్రస్ నుంచి దిగుతాయి. టెర్రస్ అసోసియేషన్ వ్యవహారం కాబట్టి వాళ్ల తీర్మానం కావాలి.

ఇంత చదివాక గోడమీద గీత కనిపించినా గుండె ఝల్లుమనొచ్చు. కంగారుపడకండి. కాలమ్‌కీ గోడకీ మధ్య నిలువుగా, బీము కింద అడ్డంగా వచ్చే సన్న పగుళ్లు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఇటుక, కాంక్రీటు ఎండకి వేర్వేరుగా సాగుతాయి కాబట్టి వస్తాయి. మెష్ (జాలీ) కొట్టి ప్లాస్టరింగ్ చేస్తే సరి. ప్లాస్టరింగ్ మీద సాలెగూడు లాంటి గీతలకీ భయం అక్కర్లేదు. ఆగి ఇంజినీరుని అడగాల్సినవి వేరు: బీము చివర కాలమ్ దగ్గర ఏటవాలు పగులు, కాలమ్ పొడవునా రాడ్డు వెంబడే సాగే పగులు, రోజురోజుకీ వెడల్పయ్యే పగులు. సన్న గీతలు చూసి మంచి ఇల్లు వదిలేసుకున్నవాళ్లని చూస్తే బాధేస్తుంది.

మిగతావి క్లుప్తంగా.

పాత ఫ్లోరింగ్ మీదే కొత్తది వేసుకోవచ్చన్నది సగమే నిజం. పాత టైల్స్ గట్టిగా ఉంటే అడ్హెసివ్‌తో వేయొచ్చు. రెండంగుళాల మాలు పోసి వేస్తే చదరపు అడుగుకి పది కిలోల చొప్పున వంద అడుగుల గదికే టన్ను బరువు. నివాస గదుల శ్లాబు మోయాల్సిన లైవ్ లోడు (మనుషులు, సామాను బరువు) చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు లెక్క. అందులో సగం ఈ మాలే తినేస్తుంది.

వాస్తు కోసం టాయిలెట్‌ని ఇంకో మూలకి మార్చేద్దామంటారు. సంకెన్ లేనిచోట కమోడ్ పెట్టాలంటే నేల ఎత్తాలి. పదడుగుల పైపుకి వాలే మూడంగుళాలు, పైపు వ్యాసం నాలుగున్నర. అంటే ఏడెనిమిది అంగుళాల మెట్టు. శ్లాబుకి కన్నం పెడితే కింద ఎవరిదో పడకగది. వాస్తు పట్టింపు ఉంటే ముందే వాస్తు ఉన్న ఫ్లాట్ వెతుక్కోవడం చవక.

స్విచ్చులు కొత్తవైతే వైరింగ్ కొత్తదని కాదు. బోర్డు విప్పి చూడండి. ఏసీకి, గీజరుకి 4 చ.మి.మీ. రాగి తీగ, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే ఆగిపోయే స్విచ్చు), ఇంటి మొత్తానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు), పనిచేసే ఎర్త్ ఉండాలి. లేకపోతే వైరింగ్ మొత్తం మార్చే ఖర్చు ముందే వేసుకోండి.

రిపేరు డబ్బు హోమ్‌లోన్‌లోనే వచ్చేస్తుందన్నది ఇంకో భ్రమ. 60 లక్షల ఫ్లాట్‌కి బ్యాంకు గరిష్ఠంగా 80 శాతం, అంటే 48 లక్షలిస్తుంది, అదీ బ్యాంకు కట్టే విలువ (వాల్యుయేషన్) అంత వస్తే. మిగతా 12 లక్షలు మీవి. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం లెక్కన మరో నాలుగున్నర లక్షలు. ఈ పదహారున్నర లక్షలు కట్టాక చేతిలో ఎంత మిగులుతుందో అదే మీ రిపేరు బడ్జెట్. రిపేరు లోన్ కావాలంటే విడిగా అడగాలి, దానికి ఇంజినీరు ఎస్టిమేట్ అడుగుతారు. ఆ ఎస్టిమేట్ బేరానికి ముందే రాయించుకుంటే ధర తగ్గించమని అడగడానికి కాగితం మీ చేతిలో ఉంటుంది.