ముస్లిం పెళ్లి, విడాకులు: కొన్ని అపోహలు - వాస్తవాలు

కుటుంబ న్యాయస్థానంలో అన్ని మతాల కేసులూ వాదిస్తాను. భార్యను బాధపెట్టే భర్తలు అన్ని మతాల్లోనూ ఉన్నారు. ఆ భర్త ముస్లిం అయితే మాత్రం తప్పును ఇస్లాంకు అంటగడతారు. ఇది అన్యాయం.

అపోహ: మూడుసార్లు తలాక్ అంటే చాలు, పెళ్లి రద్దు.

వాస్తవం: భార్యాభర్తలకు తగవు వస్తే ఆమె తరఫున ఒకరు, అతని తరఫున ఒకరు మధ్యవర్తులుగా కూర్చోవాలని ఖురాన్ నాలుగో అధ్యాయం 35వ వాక్యం చెబుతుంది. ఒకే ఊపులో ముమ్మారు చెప్పే తలాక్ చెల్లుతుందన్న హనఫీ (ఇస్లామిక్ న్యాయశాఖల్లో ఒకటి) పండితులు సైతం దాన్ని పాపమనే అన్నారు. సరైన కారణం లేకుండా, ముందు రాజీకి ప్రయత్నించకుండా ఇచ్చే తలాక్ చెల్లదని 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2017 ఆగస్టు 22న షాయరా బానో కేసులో ముమ్మారు తలాక్‌నే కొట్టివేసింది. 2019 చట్టం ప్రకారం ఇప్పుడది మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. ఇంత జరిగినా పాత మాటే ప్రచారంలో ఉండటం బాధాకరం.

అపోహ: విడాకులు కోరే హక్కు భార్యకు లేదు.

వాస్తవం: ఖులా ఉంది, అంటే భార్య తానే కోరి తీసుకునే విడాకులు. దానికి తోడు 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ఉంది. భర్త నాలుగేళ్లుగా ఆచూకీ లేకపోయినా, రెండేళ్లు పోషించకపోయినా, హింసించినా ఆమె కోర్టుకు వెళ్లవచ్చు. హిందూ స్త్రీకి దేశవ్యాప్తంగా విడాకుల చట్టం వచ్చింది 1955లో.

అపోహ: మెహర్ అంటే వధువుకు కట్టే వెల.

వాస్తవం: అది వరుడు వధువుకు ఇవ్వాల్సిన సొమ్ము. ఆమె పుట్టింటివారికి కాదు, ఆమెకే చెందుతుంది. బాకీ ఉండగా భర్త చనిపోతే, వారసులు ఆస్తి పంచుకోవడానికి ముందే ఆ అప్పు తీర్చాలి. హైదరాబాద్‌లో 'జోడే కీ రఖమ్' పేరుతో వరుడి వైపువారు వసూలు చేసే కట్నానికి ఇస్లాంలో చోటు లేదు. ఆ దురాచారాన్ని నేను సమర్థించను. వరకట్న నిషేధ చట్టం వారికీ వర్తిస్తుంది.

అపోహ: ముస్లిం పురుషులందరికీ నలుగురు భార్యలు.

వాస్తవం: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమ భర్తకు వేరే భార్య ఉందని చెప్పిన ముస్లిం మహిళలు 1.9 శాతం, హిందూ మహిళలు 1.3 శాతం.

అపోహ: విడాకులయ్యాక భరణం రాదు.

వాస్తవం: వస్తుంది. తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే 2024 జూలై 10న సుప్రీంకోర్టు దీన్ని మరోసారి స్పష్టం చేసింది. నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లోని భరణానికి సంబంధించిన 125వ సెక్షన్ స్థానంలో ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ ఉంది. మీ చుట్టుపక్కల ఏ సోదరికైనా అవసరమైతే ఈ సెక్షన్ గురించి చెప్పండి.