20 లీటర్ల బీరుకు 31 లీటర్ల ఎసరు

బార్లీ మాల్టుతో 20 లీటర్ల బీరు తయారు చేయాలంటే సుమారు 31 లీటర్ల నీళ్లతో మొదలుపెట్టాలి. తేడా 11 లీటర్లు. అవన్నీ ఒకే దారిన పోవు. కొన్నిటిని పిప్పి పట్టుకుంటుంది, కొన్ని ఆవిరవుతాయి, కొన్ని పాత్రల అడుగున ఉండిపోతాయి. ఒక్కో నష్టం ఒక్కో కారణం మీద ఆధారపడుతుంది. అన్నిటినీ కలిపి ‘ఇంతకు ఇంత’ అని ఒకే నిష్పత్తిలో ఇరికిస్తే లెక్క దెబ్బతింటుంది.

సియాటిల్‌లో ఉంటున్న మా మేనల్లుడికి జరిగింది అదే. “మామయ్యా, అన్నీ సరిగ్గా సగం చేశాను, నీళ్లతో సహా. పది లీటర్లు రావాల్సింది ఎనిమిది కూడా రాలేదు. ఎక్కడికి పోయాయి?” అని విశాఖలో ఉన్న నన్ను ఫోనులో అడిగాడు. అమెరికాలో సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడాన్ని 1978లో చేసిన చట్టం అనుమతించింది. బ్రిటన్‌లో 1963 నుంచే దానికి లైసెన్సు అక్కర్లేదు. మన దగ్గర అలా కాదు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. కాబట్టి విశాఖ పాఠకులకు ఇది కాగితం మీది లెక్కే. కానీ ఇందులోని భౌతికశాస్త్రాన్ని మామూలు నీళ్లు, ఒక కాటా, ఒక థర్మామీటరుతో ఎవరైనా పరీక్షించుకోవచ్చు.

ముందు పని జరిగే తీరు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీయే మాల్టు. దాన్ని బరకగా పట్టించి, 66 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీళ్లలో గంటసేపు ఉంచుతారు. మాల్టులోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. దీన్ని మాషింగ్ అంటారు. తియ్యటి ద్రవాన్ని వడగట్టి, పిప్పిలో మిగిలిన తీపి కోసం మరికొన్ని వేడినీళ్లు పోసి కడుగుతారు. అది స్పార్జింగ్. రెండు విడతలుగా వచ్చిన ద్రవం వోర్ట్. దాన్ని చేదు, వాసన ఇచ్చే హాప్స్ పువ్వులు వేసి గంటసేపు మరిగించి, చల్లార్చి, పులియడానికి ఈస్ట్ కలుపుతారు.

నీళ్ల లెక్క మాత్రం చివరి నుంచి మొదటికి వేయాలి. పులియబెట్టే పాత్రలోకి 20 లీటర్లు చేరాలి. మరిగించిన పాత్ర అడుగున హాప్స్, గడ్డకట్టిన మాంసకృత్తులతో మడ్డి పేరుకుంటుంది. దానితో ఒకటిన్నర లీటర్లు పోతాయనుకుంటే 21.5 లీటర్లు ఉండాలి. గంట మరుగులో మూడున్నర లీటర్లు ఆవిరైతే, మరుగు మొదలయ్యేటప్పుడు 25. మాషింగ్ పాత్రలో కుళాయి మట్టం కింద చిక్కుకునేది ఒక లీటరు. మాల్టు 5 కిలోలు, కిలోకు లీటరు చొప్పున అది పట్టుకునేది 5 లీటర్లు. మొత్తం 31. మాషింగ్‌కు కిలోకు 3 లీటర్ల చొప్పున 15 లీటర్లు పోస్తే, మిగిలిన 16 కడగడానికి. పాత్ర కొనేటప్పుడు ఇంకో అంకె అవసరమవుతుంది. నీళ్లలో కిలో మాల్టు ఆక్రమించే చోటు సుమారు 0.67 లీటరు. అంటే 15 లీటర్ల నీళ్లు, 5 కిలోల మాల్టు కలిసి 18 లీటర్లు దాటతాయి.

పిప్పి సంగతి చూడండి. 5 కిలోల మాల్టులో దాదాపు నాలుగింట మూడు వంతులు చక్కెరలుగా కరిగి వోర్ట్‌లోకి వెళ్లిపోతాయి. మిగిలే పొడి పదార్థం కిలోంపావు. దాన్ని తూస్తే మాత్రం ఆరు కిలోలకు పైగా తూగుతుంది! పొట్టు సందుల్లో, ఉబ్బిన రేణువుల్లో 5 లీటర్ల ద్రవం నిలిచిపోవడమే కారణం. గుడ్డసంచిలో మాల్టు కట్టి నానబెట్టే పద్ధతిలో సంచిని గట్టిగా పిండితే ఈ నష్టం కిలోకు 0.6 లేదా 0.7 లీటరుకు తగ్గుతుంది. ఏ పద్ధతిలోనైనా ఇది మాల్టు బరువుతో పాటు పెరుగుతుంది, తరుగుతుంది. నిష్పత్తికి నిజంగా లొంగే నష్టాలు ఇదీ, మడ్డితో పోయేదీ మాత్రమే.

ఆవిరి అలా లొంగదు. ఒక కిలో నీటిని మరుగు దగ్గర ఆవిరి చేయడానికి 2,257 కిలోజౌళ్ల వేడి కావాలి. గంటకు మూడున్నర లీటర్లు పోవాలంటే నీటిలోకి నికరంగా 2.2 కిలోవాట్ల వేడి చేరుతూ ఉండాలి. ఒక్క ఈ పనికే పావు కిలోకు పైగా వంటగ్యాస్ ఖర్చవుతుంది. పాత్రలో 25 లీటర్లు ఉన్నాయా, 12 ఉన్నాయా అన్నది మంటకు పట్టదు. అదే మంట, అదే పాత్ర అయితే పోయే ఆవిరి ఇంచుమించు అంతే.

వంటవాళ్లకు ఇది తెలిసిన విషయమే. ఇద్దరికి వండేటప్పుడు గ్లాసు బియ్యానికి పోసే ఎసరును లెక్కగట్టి, అదే కొలతతో పెళ్లి గుండిగలో పోస్తే అన్నం జావవుతుంది. బియ్యం పీల్చుకునే నీరు బియ్యాన్ని బట్టి ఉంటుంది, ఆవిరయ్యే నీరు మంటను, మూతను, సమయాన్ని బట్టి ఉంటుంది. మేనల్లుడి లెక్కలో జరిగింది దీనికి తలకిందులు. 10 లీటర్ల బీరుకు పిప్పి పట్టుకునేది 2.5 లీటర్లు, మడ్డితో పోయేది 0.75. కానీ ఆవిరి మళ్లీ 3.5, కుళాయి కింద చిక్కేది మళ్లీ ఒకటి. మొత్తం 17.75 లీటర్లు కావాలి. అతను పోసింది 31లో సగం, 15.5. చేతికొచ్చింది 7.75.

విశాఖలో ఈ మాట చెప్పగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: మన సముద్రపు తేమ గాలిలో ఆవిరి తక్కువ కాదా? ఉక్కపోత రోజుల్లో ఆరేసిన బట్టలు ఆరవు కనుక సందేహం సహజం. 30 డిగ్రీల దగ్గర నీటికి సొంత ఆవిరి పీడనం 4.2 కిలోపాస్కళ్లే. తేమ గాలిలో ఆ పీడనం ఇంచుమించు అంతే ఉంటే నీరు ఎక్కడికీ కదలదు. మరిగే నీటి ఆవిరి పీడనం 101 కిలోపాస్కళ్లు. గాలిలోని తేమ దానిలో ఇరవయ్యో వంతుకు కూడా రాదు కాబట్టి అడ్డుకోలేదు. సలసల మరుగుతున్నంతసేపు లోపలికి చేరే వేడే ఆవిరిని నిర్ణయిస్తుంది. అరకులో నీరు 97 డిగ్రీల దగ్గరే మరిగినా ఈ సూత్రం మారదు. కడలి గాలి ప్రభావం మరో చోట ఉంది. బీచ్ రోడ్డు వైపు తెరచి ఉన్న డాబా మీద స్టవ్ పెడితే గాలి మంటను పక్కకు నెట్టేస్తుంది, నీటికి చేరే వేడి తగ్గి ఆవిరీ తగ్గుతుంది. అందుకే ఎవరి ఆవిరి అంకెను వాళ్లే కనుక్కోవాలి. మామూలు నీళ్లు తూచి, మూత లేకుండా గంటసేపు మరిగించి, చల్లారాక మళ్లీ తూస్తే చాలు. పట్టికలో చూసి రాసుకున్న అంకె మీద నాకు నమ్మకం లేదు.

చాలామంది ఈ లెక్కలో ఇంకో నష్టాన్ని కలుపుతారు. మరిగే నీరు 20 డిగ్రీలకు చల్లారితే పరిమాణం 4 శాతం తగ్గుతుంది. అది నష్టం కాదు. నీటి సాంద్రత 100 డిగ్రీల దగ్గర లీటరుకు 958 గ్రాములు, 20 దగ్గర 998. పరిమాణం కుదించుకుపోయిందే తప్ప ఒక్క చుక్క పోలేదు. పైన వేసిన అంకెలన్నీ చల్లటి నీటి కొలతలు కనుక అందులో 4 శాతం ఊసే రాలేదు. వేడి పాత్రలో కొలిస్తే ఆ 25 లీటర్లే 26గా కనిపిస్తాయి. కొలతలో సగం వేడివి, సగం చల్లవి కలిపితేనే చిక్కు. మొదటి నీళ్లను కాటా మీద తూచి పోయడమే నాకు నచ్చిన మార్గం.

మరిగే పాత్రను తూచలేం కనుక అక్కడ స్టీలు స్కేలు వాడాలి. కురుపాం మార్కెట్‌లోనో మరెక్కడో గిన్నెల దుకాణంలో లోపలి వ్యాసం 36 సెంటీమీటర్లున్న, నిటారు గోడల పాత్ర ఎంచుకుంటే పని తేలిక. దాని అడుగు వైశాల్యం 1,018 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక సెంటీమీటరు ఎత్తుకు ఒక లీటరు. స్కేలు నిలువుగా ముంచితే తడి గీతే లీటర్లు చెబుతుంది.

ఒకటిన్నర లీటర్లు అటూ ఇటూ అయితే ఏమవుతుంది? చక్కెర మాల్టు నుంచి వచ్చినంతే ఉంటుంది, నీరు మారితే చిక్కదనం మారుతుంది. 21.5 లీటర్లలో సాపేక్ష సాంద్రత 1.054 ఉన్న వోర్ట్, 23 లీటర్లయితే 1.050కి పలచబడుతుంది, 20 లీటర్లయితే 1.058కి చిక్కబడుతుంది. ఆల్కహాలు, చేదు, రుచి అన్నీ దానితో పాటే కదులుతాయి. తక్కువైందని కడిగే నీళ్లు విచ్చలవిడిగా పోయకూడదు. మరీ ఎక్కువ కడిగితే పొట్టులోని వగరు దిగుతుంది.

విశాఖ వాతావరణం నిజంగా మార్చే అంకె మాషింగ్ నీటి వేడి. మాల్టు వేడిని నిలుపుకునే శక్తి నీటికున్నదానిలో 40 శాతం, అంటే 5 కిలోల మాల్టు 2 కిలోల నీటితో సమానం. ఇక్కడ మాల్టు 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని 66కు తేవాలంటే 15 లీటర్ల నీరు 71 డిగ్రీలుండాలి. చలికాలపు సియాటిల్ గ్యారేజీలో 10 డిగ్రీలున్న మాల్టుకైతే 73.5 కావాలి. అక్కడి అంకె ఇక్కడ వాడితే మాష్ 68 దాటుతుంది. ఆ వేడిలో పులిసే చక్కెరలు తగ్గి, పులవని చక్కెరలు ఎక్కువ మిగులుతాయి.

ఇక లెక్క పుస్తకాల్లో అసలు కనిపించని నీరు ఒకటుంది, నన్ను బాధించేది అదే. 21.5 లీటర్ల మరిగే వోర్ట్‌ను రాగి గొట్టపు చుట్టలో కుళాయి నీరు పారించి చల్లారుస్తారు. వేసవిలో మన కుళాయి నీరే 30 డిగ్రీలు. వోర్ట్‌ను 35కు దించాలంటే 65 డిగ్రీల వేడి లాగాలి. బయటికి పోయే ప్రతి లీటరూ సగటున 20 డిగ్రీల వేడి మోసుకుపోతే 70 లీటర్లు కావాలి. బీరుకు వాడిన నీటికి రెండింతలకు పైగా కాలువ పాలు! అయినా ఈస్ట్‌కు కావాల్సిన 20 డిగ్రీలకు వోర్ట్ రాదు. రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ జలాశయాల మట్టాలు వేసవిలో ఎలా పడిపోతాయో చూస్తున్న ఊళ్లో ఈ 70 లీటర్లను లెక్కలో రాయకపోవడం తప్పు. కనీసం తొట్టిలో పట్టి పాత్రలు కడగడానికి వాడాలి.

ఆస్ట్రేలియాలో ఇంటి తయారీదారులు కొందరు ఆ నీటిని పూర్తిగా మానేశారు. వేడి వోర్ట్‌ను వేడికి తట్టుకునే డబ్బాలో నిండుగా పోసి, బిగించి, గాలి చొరకుండా మర్నాటి వరకూ వదిలేస్తారు. వోర్ట్ ఎక్కువసేపు వేడిగా ఉండటంతో హాప్స్ చేదు పెరుగుతుంది, అందుకని చివర్లో వేసే హాప్స్ తగ్గించుకుంటారు. నేను లెక్కలోంచి తీసేసిన కుదింపు అక్కడ అక్కరకొస్తుంది. 95 డిగ్రీల దగ్గర అంచు దాకా నింపిన 20 లీటర్ల డబ్బా 30 డిగ్రీలకు చల్లారేసరికి పక్కలు లోపలికి లాక్కుపోయి, అందులో ఉండేది 19.3 లీటర్లే. పూర్తి 20 కావాలంటే 21 లీటర్లు పట్టే డబ్బా కొనాలి.