భూగర్భజల మోడల్ బావులతో సరిపోయిందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

భూగర్భజల మోడల్ పని మీద వచ్చానంటే ఊళ్ళో మొదటి ప్రశ్న “అయితే బోరుకి పాయింటు చూపిస్తారా?” అని. చూపించను, అది వేరే పని. ఒక ప్రాంతం మొత్తంలో నేల కింద నీళ్ళు ఎటు నుంచి ఎటు, ఎంత కదులుతున్నాయో ఈ కంప్యూటర్ మోడల్ లెక్కేస్తుంది. ఆ లెక్కని బావుల్లో కొలిచిన మట్టాలతో పోల్చి, రీచార్జ్ (నేలలోకి ఇంకే నీళ్ళు), కండక్టివిటీ (నేల నీళ్ళని ఎంత సులువుగా పారనిస్తుందో చెప్పే అంకె) విలువలు సవరించుకుంటూ పోవడమే కాలిబ్రేషన్. దీని మీద ఊళ్ళో వాళ్ళకంటే మోడళ్ళు కట్టే మాకే అపోహలు ఎక్కువ.

అపోహ: ఆర్ స్క్వేర్ (లెక్కా కొలతా ఎంత కలిశాయో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా కలిసినట్టు) 0.99 వచ్చిందంటే మోడల్ బ్రహ్మాండం.

నెల్లూరు జిల్లాలో ఉదయగిరి కొండల దిగువ నుంచి మైపాడు తీరం దాకా ఒక మోడల్ కట్టారనుకోండి. పడమటి బావుల్లో నీళ్ళు సముద్రమట్టానికి వంద మీటర్ల ఎత్తున, తూర్పున రెండు మూడు మీటర్ల ఎత్తున ఉంటాయి. ఇంత వాలులో, లెక్కనీ కొలతనీ గ్రాఫులో పెడితే చుక్కలన్నీ 45 డిగ్రీల గీత మీద (అంటే రెండూ సమానంగా) కూర్చోవడం గొప్పేమీ కాదు. నమ్మకపోతే మోడల్ పక్కన పెట్టి, ప్రతి బావి దగ్గరా నేల ఎత్తులోంచి ఎనిమిది మీటర్లు తీసేసి, అదే జవాబనండి. దానికీ దాదాపు అంతే వస్తుంది. “మోడల్ తప్పు, అన్నిటికంటే ఎత్తు, పల్లపు బావుల మట్టాల తేడాలో 10 శాతం లోపుంటే చాలు” అనే వాడుక సూత్రమూ అంతే. వంద మీటర్లలో పది శాతమంటే పది మీటర్లు. తీరానికి దగ్గరున్న ఇందుకూరుపేటలో పది మీటర్లు తప్పితే ఇక మోడల్ ఎందుకు? నేను డెల్టాకీ మెట్టకీ తప్పులు విడివిడిగా లెక్కేస్తాను.

అపోహ: మట్టాలు సరిపోయాయంటే రీచార్జ్ కూడా సరైనదే.

కొంప ముంచేది ఇదే. 1856లో ఫ్రెంచి ఇంజనీరు డార్సీ చెప్పిన సూత్రం ప్రకారం ప్రవాహం కండక్టివిటీ మీదా, నీటిమట్టం వాలు మీదా ఆధారపడుతుంది. ఏటా 60 మిల్లీమీటర్ల వాన ఇంకుతుందనీ, కండక్టివిటీ రోజుకి 10 మీటర్లనీ పెడితే మట్టాలు కుదిరాయి. ఇప్పుడు 120, 20 పెట్టండి. తోడే నీళ్ళు కలపని స్థిరస్థితి (మట్టాలు కాలంతో మారవనుకునే) మోడల్లో మట్టాలు అంగుళం కూడా కదలవు. రెండు మోడళ్ళూ బావులతో ఒకేలా సరిపోతాయి, కానీ రెండోది ఆ ఊరికి రెట్టింపు నీళ్ళున్నాయంటుంది. దాన్ని నమ్మి బోర్లు వేసుకునేది రైతు.

ఈ ముడి విడాలంటే మట్టాలతో పాటు కొలిచిన ప్రవాహం ఒకటైనా ఉండాలి. పంపింగ్ టెస్టు (బోరు తోడుతూ మట్టం ఎంత దిగిందో చూడటం) కావచ్చు, వేసవిలో ఏట్లోకి వచ్చే ఊట కావచ్చు, మోటార్లు తోడే నీళ్ళు కావచ్చు. మోటార్లకి మీటర్లు ఉండవు. “రెండించుల నీళ్ళు సార్” అంటారు. అందుకని 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్లో స్టాప్‌వాచీ పట్టుకుని తిరుగుతాను. డ్రమ్ము 50 సెకన్లలో నిండితే సెకనుకి 4 లీటర్లు. తొమ్మిది గంటల కరెంటుకి రోజుకి దాదాపు 130 ఘనమీటర్లు. మొరటు పద్ధతే. కానీ ఆఫీసులో కూర్చుని ఊహించిన రీచార్జ్ కంటే నయం.

అపోహ: కొలత తప్పదు, తప్పేది మోడలే.

ఆత్మకూరు వైపు ఒక బోరులో లెక్కకీ కొలతకీ ఆరు మీటర్ల తేడా వచ్చింది. ఆ చుట్టూ కండక్టివిటీ తగ్గించి, ఏదో బంకమన్ను పొర ఉందని కథ అల్లి, రెండు రోజులు మురిసిపోయాను. మళ్ళీ కొలుద్దామని వెళ్ళి నీళ్ళు తగలగానే బీప్ కొట్టే టేపు దించుతుంటే పెద్దాయన అన్నాడు: “ఇప్పుడేగా సార్ మోటారు ఆపింది, ఊట ఇంకా తేరుకోలా.” మరుసటి రోజు కరెంటు రాకముందు కొలిస్తే నీళ్ళు ఐదు మీటర్లు పైకొచ్చి ఉన్నాయి. మిగతా మీటరులో అరవై సెంటీమీటర్లు నేల పైకి పొడుచుకొచ్చిన కేసింగు గొట్టానిది. నా బంకమన్ను అక్కడితో మాయం.

నేల ఎత్తుని ఉపగ్రహ మ్యాపు నుంచి తీసుకుంటే అందులోనే మీటర్ల తప్పు దొర్లుతుంది. తీరంలో ఇంకో చిక్కు. గొట్టంలో 40 మీటర్ల సముద్రపు నీళ్ళుంటే వాటి బరువు 41 మీటర్ల మంచినీళ్ళతో సమానం. ఆ మీటరు సవరించకపోతే నీళ్ళు ఎటు పారుతున్నాయో కూడా తారుమారు కావచ్చు.

అపోహ: వానలకి ముందు మేలో, తర్వాత నవంబరులో తీసిన కొలతలు చాలు.

నెల్లూరుకి కుదరదు. మన వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలదే, నవంబరులో ఇంకా కురుస్తూనే ఉంటుంది. నిండిన మట్టం కావాలంటే జనవరి కొలత చూడాలి. డెల్టాలో ఎడగారు (ఎండాకాలపు రెండో పంట) నాట్లు పడ్డ ఏడాది వాన చుక్క లేకుండానే ఎండల్లో ఫిల్టర్ పాయింట్ల (ఇసుకలో వేసే తక్కువ లోతు బోర్ల) మట్టం లేస్తుంది. అది కాలవ నీళ్ళ మహిమ. వాన ఒక్కటే రీచార్జ్ అనుకున్న మోడల్ ఇక్కడ బోర్లా పడుతుంది.

అపోహ: పెస్ట్ లాంటి సాఫ్ట్‌వేరు దానంతటదే కాలిబ్రేట్ చేస్తుంది.

చేస్తుంది. మోడల్ ప్రాంతాన్ని చిన్న గడులుగా విడగొడుతుంది కదా, పక్కపక్క గడుల్లో కండక్టివిటీ 0.02, 300 పెట్టి మరీ చేస్తుంది. ఆ విలువలకి హద్దులు మనం గీయాలి.

అపోహ: ఒకసారి కాలిబ్రేట్ చేస్తే ఎప్పటికీ పనికొస్తుంది.

2022 సెప్టెంబరులో సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. పెన్నలో నీళ్ళు నిలిచే తీరు మారింది, అంటే మోడల్లో నది హద్దు మారింది. నా పాత ఫైల్లో ఆ గడులు ఎండాకాలం ఇసుకే. ఇప్పుడు నది మట్టాలు కొత్తగా వేసుకుని, ఒడ్డు బావుల దగ్గర మళ్ళీ టేపు దించుతున్నాను.