కాలనీ సీసీ కెమెరాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎన్ని కెమెరాలు పెడితే అంత భద్రం.

వాస్తవం: దొంగతనం జరిగాక ఫుటేజీ తిరగేస్తే చాలాసార్లు కనిపించేది ఓ తెల్లచొక్కా, ఓ బైకు. అంతే. 2 మెగాపిక్సెల్ కెమెరా చిత్రం అడ్డంగా 1920 పిక్సెళ్లు. కొత్త మనిషి ముఖం పోల్చుకోవాలంటే మీటరుకు 250 పిక్సెళ్లు కావాలి. అంటే దాని చేతనయ్యేది ఏడున్నర మీటర్ల వెడల్పు. ఇన్‌స్టాలర్ వెడల్పుగా చూపే 2.8 ఎంఎం లెన్సు బిగించి వీధంతా చూపిస్తే టీవీలో బాగానే ఉంటుంది, మనిషి మాత్రం చీమంత. కాలనీలోకి దారులు రెండే అయితే ముందు ఆ రెండింటికీ తక్కువ వెడల్పునే దగ్గరగా చూపే 12 ఎంఎం లెన్సు పెట్టండి. స్పీడ్ బ్రేకర్ ఉన్నచోటైతే ఇంకా మేలు, బండి నెమ్మదిస్తుంది. రాత్రి హెడ్‌లైటు వెలుగుకు నంబరు ప్లేటు తెల్లగా కొట్టుకుపోతుంది. ప్లేటు కోసం పెట్టిన కెమెరాలో షటర్ (లోపలికి వెలుతురు రానిచ్చే సమయం) 1/500 సెకను లేదా అంతకన్నా వేగంగా ఉండాలి. అప్పుడు మిగతా దృశ్యం చీకటవుతుంది కాబట్టి ముఖాలకు వేరే కెమెరా తప్పదు.

అపోహ: రికార్డింగ్ ఎప్పుడు కావాలన్నా దొరుకుతుంది.

వాస్తవం: 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్ల డేటా) చొప్పున ఒక్కో కెమెరా రోజుకు 21.6 జీబీ తింటుంది. 8 కెమెరాలకు 1 టీబీ డిస్కు ఆరు రోజులకే నిండి, పాతదాని మీదే రాసుకుంటూ పోతుంది. ఊరెళ్లినవాళ్లు పది రోజులకు తిరిగొచ్చి తాళం పగిలింది చూసుకునేసరికి ఫుటేజీ ఉండదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం జనం గుమిగూడే సంస్థలను 30 రోజుల రికార్డింగ్ ఉంచమంటుంది. కాలనీకీ అదే లెక్క పెట్టుకుంటే 6 టీబీ కావాలి.

అపోహ: టీవీ తెర మీద ఆడుతున్నది ఫోన్లో తీసి వాట్సాప్ చేస్తే సాక్ష్యమే.

వాస్తవం: నిందితుణ్ణి వెతకడానికి పనికొస్తుంది, కోర్టులో నిలబడటం కష్టం. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్రలాంటి కోడ్, ఫైలు మారితే అదీ మారుతుంది) కూడా అందులో రాయాలి. ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టె) నుంచి నేరుగా పెన్‌డ్రైవ్‌కు ఎక్స్‌పోర్ట్ చేయండి. అంతకుముందే ఎన్‌వీఆర్ గడియారాన్నీ ఫోన్ టైమునూ పక్కపక్కన పెట్టి తేడా రాసుకోండి. తప్పుందని కంగారుపడి టైము సరిచేయకండి. పాత రికార్డింగ్ అసలు ఎన్నింటికి తీసిందో చెప్పడానికి ఆ తేడానే ఆధారం.

అపోహ: బిగించాక ఇక పోలీసులదే బాధ్యత.

వాస్తవం: కరెంటు బిల్లు, యూపీఎస్ బ్యాటరీ, లెన్సు తుడవడం ఎవరి పనో కెమెరా కొనేముందే పంచాయతీ గానీ అసోసియేషన్ గానీ తీర్మానం రాసుకోవాలి. ఎక్కువ ఇబ్బంది పెట్టేది సాలెపురుగు: ఇన్‌ఫ్రారెడ్ లైటుకు పురుగులు, పురుగుల కోసం అది. గూడు కడితే రాత్రంతా తెల్లటి పొగే. పదిహేను రోజులకోసారి బూజుకర్ర చాలు.