ఒక చెవి పోయిన ఇరవై ఏళ్లకు తల తిరుగుడు

చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చి ఒక చెవి పోయినవాళ్లు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఉన్నారు. రెండో చెవితో పని నడిచిపోతుంది కాబట్టి ఆ సంగతి ఇంట్లోవాళ్లే మరిచిపోతారు. పదేళ్లకో, ముప్పై ఏళ్లకో ఉన్నట్టుండి ఇల్లంతా గిర్రున తిరుగుతుంది. వాంతులు, చెమటలు, మంచం కోడు పట్టుకుని పడుకోవాల్సిందే. అర గంటకో, కొన్ని గంటలకో తగ్గుతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. బీపీ అంటారు, పైత్యం అంటారు, మెడ నరం అంటారు. పాత చెవుడు గురించి ఎవరూ అడగరు, రోగీ చెప్పడు. నన్ను బాధపెట్టేది ఇదే.

తల తిరుగుడుకు, చెవికి ఉన్న సంబంధం డాక్టర్లకూ ఆలస్యంగానే అర్థమైంది. మెదడుకు రక్తం పోటెత్తడమే కారణమని చాలాకాలం నమ్మారు. పారిస్‌లోని బధిరుల సంస్థలో వైద్యుడైన ప్రాస్పర్ మెనియేర్, 1861లో దీని మూలం లోపలి చెవిలో ఉందని చెప్పాడు. ఆ జబ్బుకు ఆయన పేరే నిలిచింది. 1938లో లండన్‌లో హాల్‌పైక్, కెయిర్న్స్, జపాన్‌లో యమకావా చనిపోయిన రోగుల చెవి ఎముకలను పరీక్షించి, లోపలి ద్రవం ఎక్కువై పొర ఉబ్బినట్టు చూశారు. చెవుడు వచ్చిన ఎన్నో ఏళ్లకు మొదలయ్యే తిప్పుడు గురించి 1975లో రెండు బృందాలు విడివిడిగా రాశాయి. 1978లో అమెరికా వైద్యుడు షుక్‌నెక్ట్ దానికి ‘డిలేడ్ ఎండోలింఫాటిక్ హైడ్రాప్స్’ (లోపలి చెవిలో ఆలస్యంగా నీరు చేరడం) అని పేరు పెట్టాడు.

లోపలి చెవిలో వినికిడి భాగం, పడిపోకుండా ఒంటి తూకం చూసే భాగం రెండూ ఒకే ద్రవంతో నిండి ఉంటాయి. గవదబిళ్ళలు, తట్టు, మెదడు పొరల వాపు, తలకు దెబ్బ లాంటివి వినికిడిని చంపినా, తూకం భాగం చాలామందిలో బతికే ఉంటుంది. కానీ ద్రవం ఇంకిపోయే దారి మెల్లగా పాడై, ఏళ్ల తరబడి నీరు చేరుతుందని వైద్యుల అంచనా. మామూలు మెనియేర్ జబ్బులో వినికిడి తగ్గుతూ పెరుగుతూ చెవి వైపు చూపిస్తుంది. పూర్తిగా చెవుడు వచ్చిన చెవిలో ఆ గుర్తు దొరకదు. మోకు కట్టుకుని తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడికో, హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయిన పాలమూరు కూలీకో పనిలో ఉండగా ఇది వస్తే ఎంత ప్రమాదమో!

2017లో తెలంగాణ పిల్లలకు సర్కారు వేయడం మొదలుపెట్టిన ఎంఆర్ టీకాలో తట్టు, రుబెల్లా ఉన్నాయి. ఇలా చెవి పోగొట్టే గవదబిళ్ళలు అందులో లేవు.

జబ్బు దొరికితే మందు ఉంది. పచ్చళ్లు, ఉప్పు తగ్గించి నీరు లాగే మాత్రలు ఇస్తారు. తగ్గకపోతే కర్ణభేరి గుండా జెంటామైసిన్ అనే మందు ఇంజెక్షన్ వేసి, తిప్పుతున్న తూకం భాగాన్ని అణచేస్తారు. ఆ చెవిలో వినికిడి ఎటూ లేదు కాబట్టి ఇంజెక్షన్‌తో అది పోతుందన్న భయం లేదు. అయితే ఈ జబ్బు కొందరిలో బాగున్న చెవికే వస్తుంది. ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్షలో ఆ చెవి వినికిడి మారుతూ కనిపిస్తుంది. వినేది ఆ ఒక్క చెవితోనే కాబట్టి, అక్కడ ఇంజెక్షన్ జోలికి తొందరగా పోరు.